ఎత్తు పెరిగినంత మాత్రాన బలం రాదు

విజయవాడ ఆటోనగర్‌లో మాది కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) షాపు. నాన్న లారీ కమాన్లతో మొదలుపెట్టాడు. నా చేతికొచ్చేసరికి లారీల వెనకే జీపులు, పికప్‌లు కూడా వరస కట్టాయి. ఈమధ్య షాపు ముందు ఆగే పికప్‌ల వాళ్లు ఎక్కువమంది అడిగేది ఒకటే: "వెనకాల లేపాలి." కొందరు కొండలెక్కే సరదా ఉన్నవాళ్లు. కొందరు సరుకు తోలుకుని బతికేవాళ్లు. ఇద్దరికీ ఎవరో చెప్పి పంపిన చౌక ఉపాయం మాత్రం ఒకటే. కమాన్ కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఇనుప దిమ్మ పెట్టించడం. దాన్నే లిఫ్ట్ బ్లాకు అంటున్నారు. అరచేతిలో పట్టే దిమ్మ గురించి పేపర్లో రాయాల్సినంత ఏముందని మీకు అనిపించవచ్చు. ఆ బండ్లు హైవే మీద మీ పక్కనుంచే పోతున్నాయి. సరుకు దించాక వాటిలోనే కూలీలు ఇంటికెళ్తున్నారు. అందుకే రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. లిఫ్ట్ బ్లాకు చెడ్డ వస్తువు కాదు. అది ఎత్తు ఇస్తుంది, బలం ఇవ్వదు. ఈ తేడా తెలియకుండా వేయించుకోవడం, తెలిసి కూడా ఎలా పడితే అలా వేసి పంపడం, చూసి కూడా వదిలేయడం, ఈ మూడూ ఆగాలి.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతాది దానంతటదే అర్థమవుతుంది. పికప్ వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండేది హౌసింగ్. దాని మీద రెండు వైపులా కమాన్ కట్టలు కూర్చుంటాయి. కట్టలోని పట్టీలన్నింటినీ గుచ్చి పట్టుకునేది సెంటర్ బోల్టు. దాని తల హౌసింగ్ మీదున్న సీటు గుంటలో దిగుతుంది. కట్టనీ హౌసింగ్‌నీ కలిపి యూ బోల్టులు బిగించి పట్టుకుంటాయి. బ్లాకు వేయడమంటే బండిని ఎత్తి నిలబెట్టి, యూ బోల్టులు విప్పి, కట్టకీ సీటుకీ మధ్య దిమ్మ దూర్చి, అంత మేరకు పొడవైన యూ బోల్టులతో మళ్లీ బిగించడం. దిమ్మ కింద మొల ఉంటుంది, పైన గుంట ఉంటుంది. మొల సీటులోకీ, సెంటర్ బోల్టు తల దిమ్మ గుంటలోకీ సరిగ్గా దిగాలి. రెండంగుళాల దిమ్మ పెడితే వెనక రెండంగుళాలు లేస్తుంది. పూట గడవకుండా పని అయిపోతుంది. కొత్త కమాన్ కట్టలు కొట్టించడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. గిరాకీ అందుకే.

కమాను హౌసింగ్ పైన ఉన్న బండ్లకే ఈ లెక్క. మారుతీ జిప్సీలో కమాను హౌసింగ్ కింద ఉంటుంది. దానికి మధ్యలో దిమ్మ పెడితే బండి లేవదు, ఇంకా దిగుతుంది. ఈ మాత్రం చూసుకోకుండా దిమ్మలు కొనుక్కుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

"అమెరికాలో ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లకు కంపెనీ నుంచే వెనక బ్లాకులొస్తాయి కదా, మనం వేసుకుంటే తప్పేంటి?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. కంపెనీ వాళ్లు ఆ దిమ్మను లెక్కలో పెట్టుకునే కమాను వంపు, షాకబ్జార్బరు పొడవు, బ్రేకు గొట్టం, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు అన్నీ చేశారు. మనం దిమ్మ ఒక్కటే తెచ్చి దూర్చి, మిగతావన్నీ పాత లెక్క మీదే వదిలేస్తున్నాం. తేడా అదీ.

కుంగనట్టు కనిపించే బండి

ముందు సరుకు బండ్ల సంగతి చెబుతాను, ప్రమాదం అక్కడే ఎక్కువ. మిర్చి సీజన్లో పల్నాడు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు బస్తాలు తోలే కుర్రాడొకడు వచ్చాడు. "బాబాయ్, బ్లాకులు వేయించాను. అయినా మలుపుల్లో వెనకాల ఏదో జరిగినట్టుంటోంది, చూడవా" అన్నాడు. కిందికి దూరి టార్చి వేశాను. ఒక్కో వైపు రెండేసి దిమ్మలు, ఒకదాని మీద ఒకటి. పైది అల్యూమినియం. కిందది ఎక్కడో గర్డరు ముక్క కోసి చేసింది, దానికి మొల కూడా లేదు. దిమ్మకీ సీటుకీ మధ్య అంచు వెంట ఎర్రటి పొడి పేరుకుంది. అది దారి మట్టి కాదు. ఇనుము ఇనుముతో రాసుకుని రాలిన తుప్పు. పక్కనే సీటు మీద వెండిలా మెరిసే గీత కనిపించింది. దిమ్మ ముందుకీ వెనక్కీ ఎంతమేర నడుస్తోందో ఆ గీత పొడవే చెబుతోంది. యూ బోల్టు నట్టు పానాతో విప్పి, శుభ్రం చేసి, అదే నట్టును మళ్లీ చేత్తో ఎక్కించబోతే సగంలో బిగుసుకుపోయింది. బోల్టు సాగి మరలు ఎడం అయితేనే అలా ఆగుతుంది. సెంటర్ బోల్టు తల ఒక పక్క కోసుకుపోయి ఉంది. అది పూర్తిగా తెగిన రోజు ఆ వైపు హౌసింగ్ వెనక్కి జరిగిపోతుంది, బండి తిప్పినట్టు తిరగదు.

"లోడెంత వేస్తున్నావురా?" అన్నాను.

"ఇదివరకటి కంటే పది బస్తాలు ఎక్కువేస్తున్నా బాబాయ్. అప్పుడు వెనక కుంగిపోయేది, ఇప్పుడు కుంగట్లేదు కదా."

ఆ ఒక్క మాటలోనే ఉంది అసలు ప్రమాదమంతా. కమాను ఎంత బరువుకి ఎంత వంగుతుందో అదంతా పట్టీల మందం, వెడల్పు, పొడవు, సంఖ్య బట్టి ఉంటుంది. దిమ్మ వాటిలో దేన్నీ మార్చదు. బస్తాలు పడితే కమాను పాతలాగే వంగుతుంది, ఎక్కువ బస్తాలు పడితే ఎక్కువే వంగుతుంది. రెండంగుళాల పైనుంచి కుంగడం మొదలుపెడుతుంది కాబట్టి దూరం నుంచి చూసేవాడికి బండి తీరుగా నిలబడినట్టు ఉంటుంది. వెనక కుంగడం ఇన్నాళ్లూ డ్రైవరుకి ఒక హెచ్చరిక. మోత ఎక్కువైందని బండి తనంత తానుగా చెప్పే మాట అది. దిమ్మ పెట్టి ఆ మాట వినపడకుండా చేస్తున్నాం.

ఇంకొకటుంది. ఛాసిస్ కింద ఒక రబ్బరు స్టాపరు వేలాడుతుంటుంది. కమాను ఒక హద్దు దాటి వంగకుండా హౌసింగ్ వెళ్లి దానికి ఆనుకుంటుంది. దిమ్మ వేశాక హౌసింగ్‌కీ స్టాపరుకీ దూరం పెరుగుతుంది. పాత హద్దు దగ్గర అడ్డుకునేది ఏదీ ఉండదు. పట్టీలు వెనక్కి వంగేదాకా పోతాయి. మెయిన్ పట్టీ కన్ను దగ్గర విరిగి వచ్చే బండ్లలో ఈ కథ నాకు తరచూ కనిపిస్తుంది. స్టాపరును కూడా దిమ్మ ఎత్తు మేర దించితే ఈ బాధ ఉండదు. దించేవాళ్లు తక్కువ.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కీ ఛాసిస్‌కీ మధ్య సన్నటి కడ్డీతో కలిపిన వాల్వు ఒకటుంటుంది. బండి ఖాళీగా ఉంటే బాడీ పైకి ఉంటుంది, అప్పుడు వెనక చక్రాలు బిగుసుకుని జారిపోకుండా వాటి బ్రేకు ఒత్తిడిని ఆ వాల్వు తగ్గిస్తుంది. లోడు పడి బాడీ దిగితే కడ్డీ కదిలి వెనక బ్రేకుకి పూర్తి ఒత్తిడి వదులుతుంది. ఇప్పుడు దిమ్మతో బాడీని రెండంగుళాలు లేపారు. కడ్డీని సర్దలేదు. నిండా లోడున్నా సరే, బండి ఇంకా ఖాళీగానే ఉందని వాల్వు అనుకుంటుంది. బరువంతా వెనక ఉంటుంది, వెనక బ్రేకు మాత్రం సగం నిద్రలో ఉంటుంది. ముందు బ్రేకులే మొత్తం మోయాలి. చింతపల్లి ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో లోడుతో దిగే బండికి ఇది ఎంతటి మాటో డ్రైవర్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ కడ్డీ బ్రాకెట్టును దిమ్మ ఎత్తుకి తగ్గట్టు మార్చి, బ్రేకు సరిచూడటానికి పట్టేది కాసేపే. ఆ కాసేపు కూడా పెట్టని పని వల్ల ప్రాణాలు పోకూడదు.

కొండలెక్కే బండి

ఇక సరదాగా కొండదారులు పట్టేవాళ్లు. ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి కమాన్ పికప్‌లు వచ్చాక మారేడుమిల్లి నుంచి గుడిస కొండకో, వికారాబాద్ అనంతగిరి అడవుల్లోకో పోయేవాళ్లు పెరిగారు. నాకు ఆ ఇష్టం అర్థమవుతుంది. నేనూ ఏజెన్సీ దారుల్లో తిరిగినవాణ్నే. ఆ దారుల్లో బండికి ఎత్తు అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే వాళ్లు కోరుకునే ఎత్తు దిమ్మతో రాదు.

వెనక రాయి తగిలేది ఎక్కడ? హౌసింగ్ మధ్యలో క్రౌన్ పినియన్ ఉండే ఉబ్బుకి. బండి వెనక భాగంలో నేలకు అతి దగ్గరగా ఉండేది అదే. దిమ్మ హౌసింగ్ పైన కూర్చుంటుంది, కాబట్టి హౌసింగ్ అంగుళం కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఆ ఉబ్బు ఒక అంగుళం లేస్తుంది. దిమ్మతో లేచేది బాడీ. వెనక బంపరు గట్టుకు తగలకుండా దిగడానికి, మడ్‌గార్డులో కాస్త పెద్ద టైరు పట్టడానికి అది పనికొస్తుంది. ఆ పనికైతే వేయించుకోండి. రాళ్ల మీద కడుపు తగలకుండా ఉండటానికి మాత్రం డబ్బు దండగ.

వెనక ఒక్కటే లేపితే ముందుభాగం కిందికి చూస్తుంది. వీల్‌బేస్ మూడు మీటర్ల పైచిలుకు ఉన్న పికప్‌కి రెండంగుళాలంటే దాదాపు ఒక డిగ్రీ వాలు. అంతేనా అనుకోవద్దు. ఒక డిగ్రీ దిగితే హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద సగం దూరం కూడా పోదు. స్టీరింగ్‌ని తిన్నగా పట్టి ఉంచే కోణం తగ్గి, వేగంలో బండి చేతిలో నిలకడగా ఉండదు. అలైన్‌మెంటు, లైట్లు రెండూ మళ్లీ సరిచేయించాలి.

కొండ ఎక్కేటప్పుడు కమాను పడే పాటు వేరు. కాలు నొక్కగానే చక్రం ముందుకు తిరుగుతుంది, అదే బలంతో హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, పినియన్ ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఆపాల్సింది కమానే. ముందు సగం పైకీ వెనక సగం కిందికీ వంగి, పట్టీ పాములా మెలిక పడుతుంది. పట్టు దొరకగానే ఒక్కసారి విడుస్తుంది. వెనక చక్రాలు దడదడా ఎగిరేది అప్పుడే. మధ్యలో దిమ్మ ఉంటే ఆ మెలి తిప్పే బలానికి చెయ్యి పొడవవుతుంది, బండరాయి పెకలించడానికి ఇంకాస్త పొడుగు గునపం అందించినట్టు. దిమ్మ ఎంత ఎత్తయితే మెలిక అంత ఎక్కువ. లో గేరులో, ఏటవాలులో, రాతి మీద పట్టుతో అది ఇంకా పెరుగుతుంది. పోయేవి వరసగా ముందు సెంటర్ బోల్టు, తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, ఆ తర్వాత మెయిన్ పట్టీ. అందుకే రెండంగుళాలు దాటిన దిమ్మను నేను ముట్టుకోను. అంతకు మించి ఎత్తు కావాలంటే వంపు ఎక్కువున్న కొత్త కమాన్లు వేయించుకోవాలి. ఖర్చవుతుంది. అయినా అదే దారి.

ముందు ఇరుసుకి దిమ్మలు వేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకొస్తుంది, తిరిగే చక్రాలూ అవే. అక్కడ దిమ్మ జారితే డ్రైవరు చేతిలో ఏమీ మిగలదు. ముందు దిమ్మ మాట ఎత్తినవాణ్ని నేను ఎంత పరిచయస్తుడైనా తిప్పి పంపుతాను.

పల్టీ కొట్టే సంగతికి ఒక సులభమైన లెక్కుంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ బండ్లకు పల్టీ రేటింగు ఇచ్చేది ప్రధానంగా ఆ లెక్కతోనే. ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బరువు కేంద్రం ఎత్తుతో భాగించాలి. ఉదాహరణకు వెడల్పు 1,500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 700 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే 1.07 వస్తుంది. ఆ కేంద్రం 50 మిల్లీమీటర్లు లేస్తే 1.0కి పడిపోతుంది. ఆ అంకె ఎంత తగ్గితే మలుపులో బండి అంత తొందరగా పక్కకు ఒరుగుతుంది. వెనక ఒక్కటే లేపితే కేంద్రం అంతమేర లేవదు. ముందూ వెనకా లేపి, పైన క్యారియర్ మీద టెంటు, డబ్బాలు కట్టి ఘాట్ ఎక్కేవాళ్లు మాత్రం ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వేస్తే ఇలా వేయాలి

చెడు చెప్పి ఊరుకుంటే అది నా వృత్తికి న్యాయం కాదు. దిమ్మ ఒక్కటే ఉండాలి. రెండు పేర్చకూడదు. కర్ర, పైపు ముక్క, గర్డరు ముక్క పెట్టకూడదు. పోత ఇనుముదో ఉక్కుదో అయి, కమాన్ పట్టీ వెడల్పంతా ఆనేలా ఉండాలి. కింద మొల, పైన గుంట ఉండాలి. పాత యూ బోల్టులు మళ్లీ వాడకూడదు. యూ బోల్టు బిగించినప్పుడు సాగి పట్టుకునే వస్తువు, ఒకసారి సాగినది మళ్లీ అదే పట్టు ఇవ్వదు. దాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి వంచి సరిచేస్తే ఉక్కుకి ఎక్కించిన బలం పోతుంది. నాలుగు నట్లనూ ఒక్కసారి కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ పానాతో బిగించాలి. కమాను బుష్ బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు బిగించాలి, లేకపోతే బుష్ రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండి మళ్లీ తీసుకొచ్చి యూ బోల్టులు బిగించుకోవాలి. నేను డబ్బు తీసుకోకుండా చేసే పని ఇదొక్కటే. దీనికి కూడా సగం మంది రారు.

ఆ తర్వాత షాకబ్జార్బరు. హౌసింగ్ వేలాడినప్పుడు పాత షాకు పూర్తిగా సాగి ఆగిపోతుంటే, ప్రతి గుంటలో హౌసింగ్, చక్రాల బరువు దాని కడ్డీ మీద వేలాడుతున్నట్టే. పొడవైనది మార్చాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబులు బిగుసుకుంటున్నాయేమో చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి అరవై దాటగానే కింద గుంయ్ మని అదురు వస్తే, పినియన్ కోణం సరిచేసేలా ఏటవాలు దిమ్మ వేయాలి. షాఫ్టు రెండు ముక్కలదైతే మధ్య బేరింగును కాస్త దించాలి. ఇవన్నీ కలిపి చేస్తేనే దాన్ని లిఫ్ట్ అనాలి. దిమ్మ ఒక్కటే దూర్చి పంపితే పని సగంలో ఆపినట్టే.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ 182ఎ సెక్షన్ని చేర్చింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట వెతికేదీ ఈ మార్పులనే.

చట్టం ఉండాలి, నేను కాదనను. అయితే ఇప్పుడున్న తీరులో చక్కగా కొలిచి, కొత్త బోల్టులతో, బ్రేకు వాల్వు సర్ది వేసిన దిమ్మనూ, మొల లేని గర్డరు ముక్కనూ ఒకే గాటన కడుతున్నారు. దానివల్ల జరిగేదేమిటంటే ఎవరూ బిల్లు ఇవ్వరు. ఎవరు వేశారో తెలియదు. రాత్రి షట్టరు దించి వేసిన పనికి పూచీ ఉండదు. కొండ ప్రాంతాల్లో, అటవీ శాఖ బండ్లకు, సహాయక బృందాలకు కాస్త ఎత్తు నిజంగానే అవసరం. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు ఏ మోడల్‌కి ఎంత ఎత్తు దిమ్మ, ఏ షాకుతో, ఏ బోల్టుతో సరిపోతుందో పరీక్షించి కిట్‌గా ఆమోదిస్తే, దాన్ని రవాణా శాఖ ఆర్‌సీలో ఎక్కిస్తే, దొంగచాటు పని తగ్గుతుంది. గ్యాస్ కిట్లకు ఇలాంటి దారి ఎప్పుడో ఏర్పడింది. కమాన్లకు ఎందుకు కుదరదు?

ఇంకోవైపు తనిఖీ గట్టిపడాలి. సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. ఆ రోజు తనిఖీ చేసేవాళ్లు ఒక టార్చి పట్టుకుని వెనక హౌసింగ్ దగ్గర రెండు నిమిషాలు చూస్తే చాలు. పేర్చిన దిమ్మ, ఎర్రటి పొడి, సాగిన బోల్టు అన్నీ కనిపిస్తాయి. కనిపిస్తే ఆ బండిని వెనక్కి పంపాలి.

షాపుల వాళ్లకు, నా తోటివాళ్లకు నేను చెప్పేది ఇది. పని చేస్తే బిల్లు ఇవ్వండి. దిమ్మ ఎత్తు ఎంతో, యూ బోల్టులు కొత్తవో కాదో, బ్రేకు వాల్వు సర్దారో లేదో ఆ బిల్లు మీద రాసి సంతకం పెట్టండి. సంతకం పెట్టలేని పని చేయకండి. బండి యజమానులకు చెప్పేది ఇంకా చిన్నది. ఎత్తు ఎందుకు కావాలో ముందు మీకు మీరు చెప్పుకోండి. జవాబు "ఎక్కువ లోడు వేయడానికి" అయితే ఏ దిమ్మా వేయించుకోవద్దు. ఆర్‌సీలో రాసిన బరువు దిమ్మతో మారదు, ఆ బరువు కంటే ఎక్కువ మోయాలంటే అందుకు తయారైన పెద్ద బండి కొనుక్కోవాలి.